అత్తమ్మ తల తిరుగుడు: ఏడు నెలలు తిరిగినంక హనుమకొండల ఒక చిన్న ఈఎన్‌టీ క్లినిక్‌ల తగ్గింది

ముందే చెప్తున్న, ఇది జర పెద్దగ ఉంటది. మా అత్తమ్మకు ఏడు నెలలు తల తిరుగుడు ఉండె. ఆ ఏడు నెలలల ఎన్ని దవాఖానలు తిరిగినమో, ఎన్ని పైసలు పెట్టినమో లెక్క రాసుకోలేదు గని, తగ్గింది మాత్రం ఒక చిన్న క్లినిక్‌ల, మంచం మీద పండబెట్టి తలకాయ ఒక పద్ధతి ప్రకారం తిప్పితే. సూది లేదు, సెలైన్ లేదు. మా గల్లీలనే ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు ఇదే బాధతోని గోలీలు మింగుకుంట కూసున్నరు, అందుకే అంతా వివరంగ రాస్తున్న. డాక్టర్ మేడంను అడగకుండ పేరు పెట్టుడు నాకు మంచిగ అనిపించలేదు, కాబట్టి పేరు రాస్తలేను. హనుమకొండ చౌరస్తా నుంచి నడిచి పోయేంత దూరం, గంతే.

అత్తమ్మకు 71 ఏండ్లు. పరకాల దిక్కు ఊళ్ళె ఉంటరు, ఆమె మామయ్య ఇద్దరే. పోయినేడు సంక్రాంతి అయిన వారానికి, తెల్లారగట్ల వాకిట్ల సాన్పి చల్లుదామని లేవబోయి కుడిపక్కకు ఒత్తిగిలిందట, అంతే, ఇంటి దూలాలు గిర్రున తిరిగినయట. మంచం పట్టె గట్టిగ పట్టుకొని కళ్ళు మూసుకున్నదట. కొద్దిసేపటికి తిరుగుడు ఆగింది గని వాంతి అయింది, ఒళ్ళంత చెమటలు. మామయ్య పక్షవాతం అనుకొని భయపడి మాకు ఫోన్ చేసిండు, మా ఆయన బండి మీద పోయేసరికి ఊళ్ళె ఆర్ఎంపీ వచ్చి బీపీ చూసి సెలైన్ ఎక్కిచ్చి సూది ఇచ్చి ఉన్నడు. మధ్యాహ్నానికి లేచి కూసున్నది, బువ్వ తిన్నది, తగ్గింది అనుకున్నం. తెల్లారి మల్ల అదే.

అప్పటి నుంచి మొదలైంది మా తిరుగుడు. ఒకరు గ్యాస్ అన్నరు, ఒకరు రక్తం తక్కువున్నదని టానిక్ రాసిన్రు, ఒక దగ్గర మెడ ఎక్స్‌రే తీసి మెడ ఎముకలు అరిగినయి, నరం నొక్కుకుంటాంది అని మెడకు పట్టా పెట్టిన్రు. 70 దాటినోళ్ళకు ఎవ్వరికి ఎక్స్‌రే తీసినా మెడ ఎముకలు ఎంతో కొంత అరిగే ఉంటయని మాకు అప్పుడు తెల్వదు. ఎండకాలం మొత్తం ఆ పట్టా పెట్టుకొనే ఉన్నది పాపం, మెడ చుట్టు చెమటకాయలు లేచి పొక్కులయినయి. ఇంకో పెద్ద దవాఖానల మెదడుకు ఎమ్మారై తీసిన్రు, ఏడు వేల పైన అయింది, వయసుకు తగ్గ మార్పులు తప్ప ఏం లేదన్నరు. ఏం లేదంటే సంతోషపడాలె గని, ఏం లేకపోతే మరి ఎందుకు తిరుగుతాంది అని అడిగితే జవాబు లేదు, గోలీలు రాసిచ్చి నెలకు రమ్మన్నరు. ఆ నెల అయిపోతే ఇంకో నెల. ఊళ్ళె వాళ్ళు దిష్టి అంటే దిష్టి కూడ తీసినం, ఎవ్వరి మాట తీసెయ్యలేదు.

ఆ గోలీలతోని ఏమైందంటే పొద్దంత మత్తు. టీవీ ముందట కూసొని తల వేలాడేసేది. నాలుగో నెలకు చాయ్ సాసర్ పట్టుకుంటే చెయ్యి వణుకుడు షురూ అయింది, వయసు అనుకున్నం. తల తిరుగుడు మాత్రం పోలేదు. పండుకుంటే తిరుగుతదని భయంతోని గోడకు రెండు దిండ్లు ఆనిచ్చి కూసొనే నిద్రపోయేది. తలస్నానానికి తల వంచాలంటే భయం, అటుక మీద డబ్బా తియ్యాలంటే తల పైకెత్తాలె కాబట్టి భయం. ఇంట్ల గోడ పట్టుకొనే నడిచేది, మంచం నుంచి బాత్రూం దాక సున్నం మీద ఆమె చెయ్యి పడే ఎత్తుల నల్లగ మరక తేలింది. ఆ మరక చూసి మా ఆయన ఒకరోజు బయటికి పోయి అరుగు మీద కూసున్నడు, చాలాసేపు లోపలికి రాలేదు. తెల్లారే అత్తమ్మను హనుమకొండ మా ఇంటికి తెచ్చుకున్నం.

ఈఎన్‌టీకి చూపియ్యమని చెప్పింది ఏ డాక్టరో కాదు, మా ఇంటి దగ్గరి మెడికల్ షాపు అన్న. నెలనెలా అవే గోలీలు కొంటున్నమని చూసి, "అక్కా, ఇవి ఇన్ని నెలలు ఎవ్వరికి? పండుకున్నప్పుడు, పక్కకు తిరిగినప్పుడే వస్తదా? చెవి డాక్టర్‌కు చూపించిన్రా?" అని అడిగిండు. వాళ్ళ అమ్మకు కూడ అట్లనే అయిందట. చెవి నొస్తలేదు, చీము లేదు, మంచిగ వినపడుతాంది, చెవి డాక్టర్ ఎందుకు అనుకున్నం గని ఆయన అంత నమ్మకంగ చెప్పేసరికి పోయినం. శ్రావణమాసం అది.

క్లినిక్ మొదటి అంతస్తుల ఉంటది. లిఫ్ట్ లేదు. తల తిరిగే పేషంట్లు వచ్చే కాడ లిఫ్ట్ లేకపోవుడు పెద్ద లోటు, ఇది గట్టిగనే చెప్తున్న. మెట్లు ఇరుకు, పట్టుకునే రాడ్ ఒక్క పక్కనే ఉన్నది, నేను ముందు, మా ఆయన వెనుక నిలబడి ఎక్కిచ్చినం. సాయంత్రం ఐదింటికి పోతే పిలిచేసరికి ఏడు దాటింది. కుర్చీలు సరిపోలేదు, కౌంటర్ మీద ఉన్న పిల్ల ఎవ్వరు ఏం అడిగినా తల ఎత్తకుండనే జవాబు చెప్పింది. అప్పటికి నాకు ఇది కూడ అదే బాపతు అనిపించి, మనసు విరిగింది.

లోపలికి పోయినంక మాత్రం వేరే. మేడం మా ఫైల్ ముట్టుకోలేదు, పక్కన పెట్టి అత్తమ్మ దిక్కు తిరిగి కూసొని, "అమ్మా, తల తిరుగుడు అంటే ఎట్ల? ఇల్లు గుండ్రంగ తిరిగినట్టా, కళ్ళు బైర్లు కమ్మి పడిపోతనేమో అన్నట్టా, నడుస్తుంటే తూలినట్టా?" అని అడిగింది. ఏడు నెలలల ఈ మాట అడిగిన మొదటి మనిషి ఆమెనే. మనం మూడింటికీ చక్కర్ అనే అంటం, తల తిరుగుడు అనే అంటం, గని మూడు వేరు వేరు అట. ఇల్లు తిరిగినట్టుంటే చెవి దిక్కు చూడాలె, లేవంగనే బైర్లు కమ్మితే బీపీ పడిపోతున్నదేమో చూడాలె, తూలుడైతే కాళ్ళ నరాలు, మెదడు, కళ్ళు అన్నీ చూడాలె. తర్వాత ఎంతసేపు ఉంటది అని అడిగింది. అత్తమ్మ పొద్దంత అన్నది. "పొద్దంత తిరుగుతదా, తిరిగి ఆగినంక పొద్దంత నలతగ ఉంటదా?" అంటే, అత్తమ్మ ఆలోచించి, "తిరుగుడు ఒక్క నిమిషమే బిడ్డా, మిగతాదంత దాని భయం" అన్నది.

ఏ పక్కకు తిరిగితే వస్తది, చెవుల గుయ్యిమని మోత ఉన్నదా, వినికిడి తగ్గిందా, ఎప్పుడన్న మాట తడబడ్డదా, ఒక్కటి రెండుగ కనపడ్డదా, మూతి వంకర పోయిందా, అన్నీ అడిగింది. చెవి మోత, వినికిడి తగ్గుడు ఉండి గంటల కొద్ది తిరిగితే అది వేరే జబ్బట, రోజుల తరబడి ఆగకుండ తిరిగితే చెవి నరం వాపు కావచ్చట. పండుకున్నప్పుడు బీపీ చూసి, నిలబెట్టి మల్ల చూసింది. మెడ మెల్లగ అటు ఇటు తిప్పి నొప్పి ఉన్నదా అని చూసింది.

అప్పుడు చేసింది అసలు పరీక్ష. డిక్స్ హాల్‌పైక్ అంటరట, 1952 నుంచి ఉన్నదట ఇది, మిషన్ అవసరమే లేదు, ఒక బల్ల చాలు. అత్తమ్మను బల్ల మీద కాళ్ళు చాపి కూసోబెట్టి తల కుడికి సగం తిప్పి, "కళ్ళు మూయకు అమ్మా, నా ముక్కు దిక్కే చూడు, తిరుగుతది, నేను పట్టుకునే ఉంట" అని చెప్పి గబుక్కున వెనక్కి పండబెట్టింది, తల బల్ల అంచు దాటి కొంచెం కిందికి వాలేటట్టు. ఐదారు సెకన్లు ఏం లేదు. తర్వాత అత్తమ్మ "అమ్మో" అని మేడం మణికట్టు పట్టుకున్నది, గాజులు ఒత్తుకపోయేంత గట్టిగ. మేడం నన్ను పిలిచి "ఇటు రా అమ్మా, కళ్ళు చూడు" అన్నది. నల్లగుడ్డు మెలికలు తిరిగినట్టు కొట్టుకుంటాంది, ఒక దిక్కుకు వేగంగ, మల్ల మెల్లగ వెనక్కి. నేను ఇంత దగ్గర నుంచి ఎప్పుడు చూడలేదు. అర నిమిషం దాటంగనే దానంతట అదే ఆగిపోయింది. నర్సు స్టీల్ గిన్నె పట్టుకొని పక్కనే నిలబడ్డది, అవసరం పడలేదు. ఎడమ దిక్కు కూడ అట్లనే చేస్తే ఏం రాలేదు.

"కుడి చెవి" అన్నది మేడం. దీన్ని బీపీపీవీ అంటరట. చెవి లోపల మనిషికి తూకం తెలిపే భాగం ఒకటి ఉంటది, దాంట్ల జిగురు లాంటి పొర మీద సున్నపు గింజలు, అంటే కాల్షియం కార్బోనేట్ పలుకులు, కంటికి కనపడనంత చిన్నవి అతుక్కొని ఉంటయి. వయసు మీద పడితేనో, తలకు దెబ్బ తగిలితేనో అవి ఊడి పక్కనున్న వంపు గొట్టాలల పడుతయి. ఒక్కో చెవిల మూడు గొట్టాలు, వెనుక గొట్టం అన్నిటికన్న కిందికి ఉంటది కాబట్టి ఎక్కువ మందికి దాంట్లనే పడుతయట. తల కదిలిస్తే గింజలు జారి లోపలి ద్రవాన్ని కదుపుతయి, మనిషి ఆగి ఉన్నా చెవి మాత్రం తిరుగుతున్నవని మెదడుకు చెప్తది, అందుకే ఇల్లు తిరుగుతది, గింజలు ఒక దగ్గర ఆగంగనే తిరుగుడు ఆగుతది. ఇవి ఎమ్మారైల కనపడయి. గోలీలు వాటిని కదపయి. నాకు ఇది వినంగనే ఏడుపొచ్చింది, ఏడు నెలలు మేం ఏం చేసినం అని.

గింజలను మల్ల వాటి జాగకు పంపుడే వైద్యం. దాన్ని ఎప్లీ అంటరు, అమెరికాల పోర్ట్‌లాండ్‌ల జాన్ ఎప్లీ అనే చెవి డాక్టర్ కనిపెట్టిండట, ముందుగాల తోటి డాక్టర్లే నమ్మలేదట, 1992ల ఆయన రాసిన పేపర్ అచ్చయినంక మెల్లమెల్లగ అందరు ఒప్పుకున్నరు. చేసే తీరు ఇది: తల కుడికి తిప్పి వెనక్కి పండబెట్టి, తిరుగుడు ఆగేదాక, దాదాపు ఒక నిమిషం పట్టుకున్నది. అట్లనే తలను మెల్లగ ఎడమకు తిప్పి ఇంకో నిమిషం. తర్వాత ఒళ్ళు మొత్తం ఎడమ పక్కకు ఒత్తిగిలబెట్టి, ముఖం నేల దిక్కు చూసేటట్టు ఇంకో నిమిషం. తర్వాత గదవ కిందికి వంచి ఉంచి లేపి కూసోబెట్టుడు. రెండో నిమిషంల మల్ల కొంచెం తిరిగింది, అది మంచి గుర్తేనట, గింజలు కదులుతున్నయని. పది నిమిషాలు ఆగి ఇంకోసారి చేసింది. మొత్తం అయినంక మేడం చెప్పిందంతా విని అత్తమ్మ, "చాటల బియ్యం పోసి వంచుకుంట మెరిగెలు ఒక పక్కకు తెచ్చినట్టే కదా బిడ్డా" అన్నది. మేడం నవ్వి, "అంతే అమ్మా, ఇగ నేను అందరికి ఇట్లనే చెప్త" అన్నది.

ఆ రాత్రే మొత్తం పోయిందని చెప్తే అబద్ధం. గిర్రున తిరుగుడు ఆగింది గని వారం పది రోజులు దూది మీద నడిచినట్టు ఉన్నదన్నది. అది మామూలేనట, మెదడు మల్ల అలవాటు పడాలె. వారానికి మల్ల పోతే కుడి పక్కకు కొంచెం మిగిలి ఉన్నది, ఇంకోసారి ఎప్లీ చేసింది. మూడోసారి పోతే పరీక్షల ఏం రాలేదు, కళ్ళు కదలలేదు. ఆ రోజు రాత్రి అత్తమ్మ దిండ్లు తీసేసి మంచం మీద పూర్తిగ పండుకున్నది, నేను రెండుసార్లు లేచి చూసిన.

పాత గోలీలు చూసి మేడంకు కోపం వచ్చింది, అరవలేదు గని ముఖం మారింది. వాటిల ఒకటి ప్రోక్లోర్‌పెరాజిన్. వాంతులు ఆగనప్పుడు రెండు మూడు రోజులు ఇస్తే పర్వాలేదట, పెద్దవాళ్ళకు నెలల తరబడి వాడితే చేతులు వణుకుడు, నడక మందగించుడు, మత్తుల పడిపోవుడు జరుగుతదట. ఎట్ల ఆపాలో రాసిచ్చింది, ఆమె చెప్పినట్టే ఆపినం. రెండు నెలలకు వణుకుడు పోయింది. మీ ఇంట్ల ఎవ్వరన్న వాడుతుంటే సొంతంగ ఆపకున్రి, గని ఇది ఇంకా అవసరమా అని డాక్టర్‌ను తప్పక అడుగున్రి. మెడ పట్టా ఆ రోజే తీసేపిచ్చింది. విటమిన్ డి టెస్ట్ చేపిస్తే బాగ తక్కువొచ్చింది, అది తక్కువుంటే ఈ జబ్బు మల్ల మల్ల వచ్చే అవకాశం ఎక్కువట, వారానికి ఒక గోలీ చొప్పున రాసింది.

ఖర్చు చెప్పాలె. ఫీజు 400, పది రోజుల లోపు మల్ల పోతే తీసుకోలేదు. ఎప్లీకి 500. వినికిడి టెస్ట్ చేపిచ్చిన్రు, దానికి వేరే. మూడు సార్లకు కలిపి, విటమిన్ టెస్ట్ తోని సహా మూడు వేల లోపే. ఒక్క ఎమ్మారై పైసలల సగం. పైసలు లేనోళ్ళు వరంగల్ ఎంజీఎంకు పోవచ్చు, కాకతీయ మెడికల్ కాలేజీ దవాఖాన కదా, అక్కడ ఈఎన్‌టీ విభాగం ఉన్నది. ఎక్కడికి పోయినా సరే, "పండబెట్టి కళ్ళు చూసే పరీక్ష చేస్తరా" అని నోరు తెరిచి అడుగున్రి. అడిగితే తప్పు లేదు. మేం అడగక ఏడు నెలలు పోగొట్టుకున్నం.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోన్రి, ప్రతి తల తిరుగుడు చెవిదే కాదు. తిరుగుడుతోని పాటు మాట తడబడితే, మూతి వంకర పోతే, చెయ్యి కాలు పట్టు తప్పితే, రెండుగ కనపడితే, ఎప్పుడు లేనంత తలనొప్పి లేస్తే, అసలు నిలబడలేకపోతే, చెవి డాక్టర్ కోసం సాయంత్రం దాక ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేసి పెద్ద దవాఖానకు పోవాలె. ఇది మేడం మాకు గట్టిగ చెప్పిన మాట. ఇంకోటి, వీడియో చూసి ఇంట్ల మీరే చేసుడు వద్దు. ఏ చెవో, ఏ గొట్టమో తెల్వకుండ చేస్తే పనిచెయ్యదు, మెడ బాగలేని పెద్దవాళ్ళకు ప్రమాదం కూడ.

సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట కాడికి తీసుకపోయినం. నేను వద్దనే అన్న, వంగుకుంట లేచుకుంట చప్పట్లు కొట్టుకుంట గుండ్రంగ తిరుగుడు కదా, మల్ల వస్తదేమో అని. మేడంను ఫోన్‌ల అడిగితే "ఆడనియ్యి, కదిలితేనే మంచిది, నువ్వు పక్కన ఉండు" అన్నది. నా చెయ్యి పట్టుకొని మూడు చుట్లు తిరిగింది, నాలుగో చుట్టుకు నా చెయ్యి విడిచిపెట్టింది.

ఇది మల్ల రావచ్చని మేడం మొదటి రోజే చెప్పింది, దాచలేదు. నిజంగనే కార్తీకం దాటినంక ఒకరోజు పొద్దుగాల వచ్చింది. ఈసారి అత్తమ్మనే మాకు చెప్పింది: "కుడి పక్కనే, నిమిషం లోపే, భయపడకున్రి." ఏ మందు వేసుకోలేదు. సాయంత్రం పోతే ఒక్కసారి ఎప్లీ చేసింది, తెల్లారికి మామూలు మనిషి అయింది. ఆ రోజు కూడ రెండు గంటలు కూసోబెట్టిన్రు, టోకెన్ ఫోన్‌ల ఇయ్యరు, ఎవ్వరో ఒకరు ముందుగ పోయి రాపిచ్చుకోవాలె. రాసిచ్చే జాగ్రత్తలు ఇంగ్లిష్‌ల ఉంటయి, తెలుగుల అచ్చు వేపియ్యమని చెప్పొచ్చిన, చేస్తనన్నది, ఇంకా చెయ్యలేదు.

ఐదుకు నాలుగు ఇస్తున్న. ఆ ఒక్కటి తీసేసింది మెట్ల కోసం, ఆ ఎదురుచూసుడు కోసం. పోయేవాళ్ళు కడుపు నిండ తిని పోకున్రి, మొత్తం ఖాళీ కడుపుతోని కూడ వద్దు, రెండు గంటల ముందు తేలికగ తినిపియ్యున్రి. పాత గోలీల చీటీలన్నీ పట్టుకపోవాలె. తోడు ఇద్దరు ఉండాలె, మెట్ల కాడ ఒక్కరితోని కాదు. ఆదివారం ఉండదు.